పేజీకి వచ్చిపోయేవాళ్ళు

సంతోషకుమారికి అనుమానం మొదలైంది ఫోను మోగకపోవడంతో.

మామూలుగా అయితే ఆ ఫోను మోగకుండా పొద్దు గడిచేది కాదు. అది ఆమె భర్త జయరావు వాడిన ఫోను. వెనక మూత ఊడిపోతుంటే ఆయన రబ్బరు బ్యాండు వేసి పెట్టాడు. ఆయన పోయాక కూడా ఆమె ఆ బ్యాండు తీయలేదు. ఫోను మోగిందంటే పొయ్యి మీద ఏమున్నా మంట తగ్గించి పరుగెత్తేది.

"జయరావు గారాండీ?" అని అవతల ఎవరో కంగారుగా అడుగుతారు.

"వారింటి నుంచేనండి. ఏ గ్రూపు కావాలి? ఏ ఆసుపత్రి?" అంటుంది ఆమె.

ఆయన లేరని చెప్పదు. అడిగినవాళ్ళకు కావలసింది రక్తం గానీ ఈ కబురు కాదు. పైకి చెప్పుకోని సంగతి ఇంకొకటి ఉంది. ఎవరో ఒకరు పేరు పెట్టి అలా అడుగుతుంటే, ఆ కాసేపూ ఆయన మిల్లులో డ్యూటీలో ఉన్నట్టే ఉండేది.

జయరావు పర్చూరు దారిలో పత్తి జిన్నింగు మిల్లులో ఎలక్ట్రీషియను. ఏళ్ళ కిందట ఆ మిల్లులో ఒక కూలీ చెయ్యి మిషన్లో పడింది. రక్తం కోసం జయరావు చీరాలంతా సైకిలు మీద తిరిగాడు. ఆ మనిషి బతికాడు కానీ, తిరిగిన తిరుగుడు మాత్రం ఈయన మర్చిపోలేదు. ఆ తర్వాత బట్టల కొట్టు హుస్సేన్ సాహెబ్, రిటైరైన నర్సు వెంకటేశ్వరమ్మ, సెల్‌ఫోన్లు బాగుచేసే అయూబ్ కలిశారు. రక్తదాతల సమితి అని పేరు పెట్టుకున్నారు. ఆఫీసు లేదు, బోర్డు లేదు. ఉన్నదల్లా జయరావు నంబరు. మిల్లు గోడల మీద సున్నంతో రాశారు, ఆటోల వెనక రాయించారు. రక్తం ఇచ్చేవాళ్ళ పేర్లు ఫోనులో ఆయన తన పద్ధతిలో ఎక్కించుకున్నాడు. ముందు గ్రూపు గుర్తు, తర్వాత మనిషి. ఇంగ్లీషు రాని సంతోషకుమారి కూడా ఆ గుర్తులు చూసి ఎవరికి చెయ్యాలో పోల్చుకోగలిగేది. ఒక్కోసారి తప్పు మనిషికి చేసి తిట్లు తినేది కూడా.

ఇంటర్నెట్లో జనం పరిచయాలు కలుపుకునే ఆర్కూట్‌ని సమితికి తెచ్చింది అయూబ్. "కాలేజీ కుర్రాళ్ళంతా అందులోనే పడున్నారన్నా. గోడలెవడు చదువుతున్నాడు?" అని జయరావు పేరు మీదే అకౌంటు తెరిచాడు. దాని కింద సమితికి ఒక గ్రూపు పెట్టాడు, పైన ఫోను నంబరు వేశాడు. పాస్‌వర్డు అయూబ్ దగ్గరే ఉండేది. జయరావుకు టైపు చేయడం రాదు.

పోయిన వానాకాలంలో మిల్లులో మోటారు విప్పుతూ విప్పుతూ జయరావు గుండె పట్టుకుని కూర్చుండిపోయాడు. ఊరంతటికీ రక్తం తెచ్చిన మనిషికి చుక్క రక్తం అవసరం పడలేదు. అవసరం పడి ఉంటే ఎంతమంది వచ్చేవాళ్ళో అని ఆమె తర్వాత చాలాసార్లు అనుకుంది.

ఇప్పుడు వేసవి వచ్చింది. ఫోను మోగడం తగ్గింది. మొదట బ్యాటరీ అనుకుంది. పక్కింటి ఫోను నుంచి మిస్డ్ కాల్ ఇప్పించుకుంది. శుభ్రంగా మోగింది. మరి అడిగేవాళ్ళు ఏమైపోయినట్టు? చీరాలలో జబ్బులు ఆగిపోయాయా?

అప్పుడు గుర్తొచ్చాయి ఈమధ్య అయూబ్ మాటలు. "నీకెందుకొదినా ఈ శ్రమ? కొన్నాళ్ళు మంగళగిరిలో నీ కూతురి దగ్గరికి పోయి రాకూడదూ?" అన్నాడు మొన్న. అటు మొన్న కూడా అన్నాడు. ఎన్నడూ లేని ప్రేమ ఇంత ఎందుకు ఒలకబోస్తున్నాడు?

నంబరు తీసేసి ఉంటాడు. తీసేసి తనది పెట్టుకుని ఉంటాడు. ఆ నంబరు పోతే జయరావును పేరు పెట్టి అడిగేవాళ్ళు ఇక ఎవరూ ఉండరు.

తేల్చుకోవడానికి ఆమెకు ఒక దారి ఉంది. అది ఎవరికీ చెప్పని దారి.

ప్రతి శుక్రవారం చర్చిలో స్త్రీల ప్రార్థన కూటం అయ్యాక, అందరూ వీధి మలుపు తిరిగేదాకా ఆగి, ఆమె దానయ్య నెట్ సెంటర్లోకి దూరేది. పరదాలు కట్టిన గదులు, లోపల కుర్రాళ్ళు. మొగుడు పోయిన ఆడమనిషి అక్కడికి వెళ్ళిందంటే ఊరు ఏమంటుందో ఆమెకు తెలుసు. అందుకే బైబిలు కొంగు కింద పెట్టుకుని, తల దించుకుని పోయేది. దానయ్య కూతురు బుజ్జి కౌంటర్ దగ్గర కూర్చుంటుంది. ఆ పిల్లే ఆర్కూట్ తెరిచి జయరావు పేజీ చూపించేది.

ఇంట్లో గోడ మీద ఉన్న ఫోటోలో స్టూడియోవాళ్ళు ఆయనకు నల్లకోటు తగిలించారు. జన్మలో కోటు వేసుకోని మనిషి ఆయన. ఆ ఫోటో వైపు చూస్తే ఎవరో బ్యాంకు మేనేజరు తన ఇంట్లో ఉన్నట్టుంటుంది. పేజీలో అలా కాదు. రక్తం ఇచ్చి లేచి, కూల్‌డ్రింకు సీసా పట్టుకుని, పక్కన ఎవరో ఏదో అంటే నవ్వుతున్న ఫోటో. మిల్లు చొక్కా, జేబులో టెస్టరు. ఆ టెస్టరు చూడటానికే ఆమె వచ్చేది.

ఆ శుక్రవారం మాత్రం ఫోటో తర్వాత చూసింది. "ముందు ఆ గ్రూపు తియ్యి బుజ్జీ. నంబరు ఉందా లేదా?"

"ఉందాంటీ. ఇదిగో."

అంకెలు ఆమె రెండుసార్లు సరిచూసుకుంది. ఆయనదే. ఊపిరి పీల్చుకుంది కానీ, అనుమానం పోలేదు. నంబరు ఉండి కూడా ఫోను మోగడం లేదంటే ఇంకేదో జరుగుతోందన్నమాట.

ఆ వారంలోనే వెంకటేశ్వరమ్మ ఇంటికి వచ్చింది. సంతోషకుమారి ఏడాదికి సరిపడా కారం కొట్టించడానికి మిరపకాయలు ఎండబెట్టుకుని, వసారాలో తొడిమలు తీస్తోంది. వెంకటేశ్వరమ్మ తనంతట తానే ముక్కాలిపీట లాక్కుని కూర్చుని కాయలు ఒళ్ళో వేసుకుంది. ఆవిడ సొంత ఇంట్లోనే కారం కొనుక్కుని వాడుకునే మనిషి. తొడిమలు తీయడానికి వచ్చిందంటే నమ్మేదెవరు?

"కాయలు బాగున్నాయి సంతోషమ్మా. ఘాటుగా ఉన్నాయి."

"మీరు తుమ్మక ముందే వచ్చిన సంగతి చెప్పండక్కా."

వెంకటేశ్వరమ్మ నవ్వలేదు. "ఏం లేదమ్మా. మనోళ్ళు ఫేస్‌బుక్ అని కొత్తదాంట్లోకి మారదామనుకుంటున్నారు. ఈ ఆర్కూట్ మంచిది కాదంట."

"ఎందుకు మంచిది కాదు? మొన్నటిదాకా మంచిదేగా?"

"దొంగ పేర్లు, దొంగ ఫోటోలు. మగాళ్ళు ఆడోళ్ళ పేర్లు, ఆడోళ్ళు ఇంకెవరో... ఎందుకులే. మనిషి పోయాక మంచిపేరొక్కటేగా మిగిలేది. ఆయన పేరు మీదది మూసేస్తే నీకు నిశ్చింత."

"నాకు చింత ఉందని ఎవరు చెప్పారు?"

"అబ్బ, నువ్వు ఊరికే గుచ్చి గుచ్చి అడగొద్దమ్మా" అని వెంకటేశ్వరమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మిరప ఘాటుకా, మరింకెందుకా అన్నది తెలియలేదు. వచ్చినంత తొందరగానూ లేచింది. పోతూ పోతూ ఆదివారం మధ్యాహ్నం మీటింగు ఉందని నోరు జారింది. "నువ్వు రానక్కర్లేదులే" అని వెంటనే సర్దుకుంది.

ఆ ఒక్క మాట చాలు. ఆదివారం ఆరాధన అయ్యాక సంతోషకుమారి నేరుగా సమితి ఎప్పుడూ కూర్చునే హుస్సేన్ సాహెబ్ కొట్టుకు పోయి మెట్లెక్కింది.

పైన చీరల బేళ్ళ మధ్య ముగ్గురూ కూర్చుని ఉన్నారు. ఆమెను చూసి మాట ఆపేశారు. హుస్సేన్ సాహెబ్ తేరుకుని, "రామ్మా, రా. కూర్చో" అంటూ తన దిండు ఆమె వైపు జరిపాడు. పెద్దమనిషి, సమితికి ఆయనే అధ్యక్షుడు.

"కానివ్వండి బాబాయి గారూ. నేను వింటానికే వచ్చాను" అంది ఆమె.

అయూబ్ గొంతు సవరించుకున్నాడు. "అదే చాచా, నేను చెప్పేది. కుర్రాళ్ళంతా ఫేస్‌బుక్‌కి పోతున్నారు. ఆర్కూట్ వీధిలో జనం పల్చబడ్డారు. అందుకే ఫోన్లు కూడా తగ్గాయి. రక్తం ఇచ్చేవాళ్ళు ఎక్కడుంటే మనం అక్కడుండాలి."

"రెండిట్లోనూ ఉంటే పోలా? నేను రెండు వీధుల్లో కొట్లు పెట్టలేదూ?"

"రెండో కొట్లో కూర్చునేవాళ్ళు లేక మూసేశావుగా చాచా."

వెంకటేశ్వరమ్మ పకపకా నవ్వింది. హుస్సేన్ సాహెబ్ గడ్డం నిమురుకుంటూ, "సరే, అదీ నిజమే. చూసే మనిషి లేకపోతే తలుపు తెరిచి ఉంచి లాభం లేదు" అన్నాడు.

"ఈ గోలంతా లేకుండా మెసేజీలు పంపుకుంటే సరిపోదా?" అని వెంకటేశ్వరమ్మ అడిగింది.

"పండగ రోజు పంపిన మెసేజు ఎల్లుండికి చేరుద్దక్కా. అప్పటికి పేషెంటు ఉండాలిగా."

మాటలు నిజంగానే ఉన్నాయి. ఫోన్లు తగ్గిన కారణం కూడా దొరికింది. కానీ అయూబ్ అన్ని మాటలూ హుస్సేన్ సాహెబ్ వైపు చూసే చెప్పాడు. ఒక్కసారి కూడా తన మొహం చూడలేదు.

"కొత్తదాంట్లో నంబరు ఎవరిది పెడుతున్నారు?" అని అడిగింది.

అయూబ్ చీర బేలు మీద తాడు ముడి విప్పుతూ, "నాది పెడదామని వదినా. నీకు శ్రమ దేనికి" అన్నాడు.

"నాకు శ్రమగా ఉందని నీతో చెప్పానా?"

"చెప్పలేదు."

"మరి పాతది? ఆయన పేజీ?"

"మూసేద్దామని."

"ఎందుకు? అదేమన్నా నిన్ను అన్నం పెట్టమందా? దాని మానాన అది పడుంటుంది. నంబరు తీసి, పేజీ మూసి, ఆయన పేరే లేకుండా చేసి, ఏం చేద్దామనుకుంటున్నావు అయూబూ? ఆయన తిరిగితే వచ్చిన పేరు అది."

"అట్లా అనమాక వదినా!" అయూబ్ మొహం జేవురించింది. "అన్న పరువు కోసమే చేస్తున్నాను."

ముడి విప్పుతున్న వేళ్ళు ఆగిపోయాయి. వెంకటేశ్వరమ్మ నుదురు కొట్టుకుంది.

"ఆయన పరువుకేమొచ్చింది?" అంది సంతోషకుమారి. గొంతు పెంచలేదు. "చెప్పందే నేను మెట్లు దిగను."

చివరికి హుస్సేన్ సాహెబే, "చెప్పెయ్యరా. దాచేకొద్దీ పెద్దదవుతుంది" అన్నాడు.

అయూబ్ చెప్పాడు. గ్రూపు చూసుకోవడానికి అన్న అకౌంటులోనే తను లోపలికి పోతాడు. ఆ పేజీకి ఎవరెవరు వచ్చి చూసిపోయారో ఆర్కూట్ పేర్లు వేసి చూపిస్తుంది. ఎప్పుడు తెరిచినా ఒక ఆడమనిషి పేరు ఉంటోంది. ఏంజెల్ లిడియా. ఫోటో ఆవిడది కాదు, ఎవరో సినిమా హీరోయిన్ది. ఒక్క ముక్క రాయదు. వస్తుంది, చూస్తుంది, పోతుంది. మనిషి పోయి ఇన్ని నెలలైనా మానలేదు.

"నేను తెరిచినప్పుడు సమితివాళ్ళు ఎవరన్నా పక్కనుంచి చూస్తే నాలుగు రకాలుగా అనుకుంటారని..." అంటూ ఆపేశాడు.

సంతోషకుమారి లేచి మెట్లు దిగింది. వెనక నుంచి పిలిచినా ఆగలేదు.

ఆ రోజు ఆమె వండుకోలేదు. ఫోను ముందు పెట్టుకుని, అందులోని పేర్లన్నీ పైనుంచి కిందికి నొక్కుకుంటూ పోయింది. చర్చి పుస్తకాల మీద చూసి పోల్చుకున్న ఇంగ్లీషు అక్షరాలతో లిడియా కోసం వెతికింది. దొరకలేదు. దొరక్కపోతే మనసు కుదుటపడాలి కదా, అలా కాలేదు. దాచుకునే పేరు ఫోనులో పెట్టుకుంటారా ఎవరైనా?

లిడియా అంటే మన మతస్తుల పేరే. చర్చిలో ఆడవాళ్ళందరినీ ఒక్కొక్కరినే తలుచుకుంది. వాళ్ళు కట్టుకున్న చీరలు, సమాధి దగ్గర ఎవరెంత ఏడ్చిందీ తలుచుకుంది. మరీ ఎక్కువ ఏడ్చింది ఎవరు? ఆ తర్వాత వేటపాలెం గుర్తొచ్చింది. అక్కడ జీడిపప్పు యూనిట్లలో ఆడవాళ్ళ చేత రక్తదానం చేయించాలని ఆయన మాటిమాటికీ పోయేవాడు. ఒకసారి జీడిపప్పు పొట్లం తెచ్చాడు. గుండ్రటి, తెల్లటి, మేలురకం పప్పు. "ఎవరిచ్చారు?" అంటే, "ఎవరో ఇచ్చార్లే, పాయసం చెయ్యి" అన్నాడు. ఆమె చేసింది. ఇద్దరూ తిన్నారు. ఆ పాయసం ఇప్పుడు గొంతులో అడ్డం పడింది.

గోడ మీద కోటు వేసుకున్న ఫోటో వైపు చూసి, "ఎవరయ్యా నువ్వు?" అంది.

శుక్రవారం దాకా ఆగలేకపోయింది. మంగళవారం ఎండలో, బైబిలు కూడా లేకుండా నెట్ సెంటర్‌కి పోయింది. ఎవరు చూసినా సరే అనుకుంది.

బుజ్జి ఫ్యాను తనవైపు తిప్పుకుని వేరుశెనక్కాయలు తింటోంది. "ఏంటాంటీ, ఇవాళ వచ్చారు? కూటం లేదుగా?"

"ఏంజెల్ లిడియా అంట. ఆమె ఎవరో, ఎక్కడుంటుందో తియ్యి."

బుజ్జి నోట్లో గింజ నోట్లోనే ఉండిపోయింది. "ఎందుకాంటీ?"

"తియ్యమన్నానా!"

"ఏం తీసేది ఆంటీ. అది నేనే."

సంతోషకుమారి కౌంటర్ పట్టుకుంది. ఇంటర్ చదివే పిల్ల. కళ్ళ ముందు పెరిగిన పిల్ల. "నువ్వు బుజ్జివి కదే?"

"ఇంట్లో బుజ్జి. బాప్తిస్మం పేరు లిడియా. సర్టిఫికెట్లలో అదే. ఉత్త లిడియా బాగోలేదని ముందు ఏంజెల్ పెట్టాను. మా నాన్నకు చెప్పొద్దాంటీ, ఆ హీరోయిన్ ఫోటో చూస్తే చంపేస్తాడు."

"నీకు మా ఆయనతో ఏం పనే?"

"నాకేం పని? మీకేగా పని!" పిల్లకు కోపమొచ్చింది. "వారం వారం వచ్చి చూపించమనేది మీరు. మీకు అకౌంటు లేదుగా. నా దాంట్లోంచి తెరుస్తాను. ఎవరి దాంట్లోంచి చూస్తే వాళ్ళ పేరు పడుద్ది ఆయన దగ్గర."

సంతోషకుమారికి అది ఒక్కసారిగా ఎక్కలేదు. మెల్లగా అడిగింది. "అంటే, ఆయన దగ్గరికి వచ్చిపోతున్నది..."

"మీరే."

పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూలబడింది. ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కడ మలుపు తిరిగిందో ఏమో, పరదాల వెనకున్న కుర్రాళ్ళు తలలు బయటికి పెట్టి చూసేంతగా ఏడ్చింది. సమాధి దగ్గర కూడా ఆమె అంతగా ఏడవలేదు. బుజ్జి ఏం చేయాలో తోచక వేరుశెనక్కాయల పొట్లం చేతిలో పెట్టింది. (వేటపాలెం జీడిపప్పు ఎవరిచ్చారన్నది మాత్రం ఆ తర్వాత కూడా తేలలేదు. తేల్చుకోవాలని ఆమె మళ్ళీ అనుకోలేదు.)

అయూబ్ షాపుకు పోయి సంగతి చెప్పినప్పుడు, అతను చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు పక్కన పెట్టి తల దించుకున్నాడు. "నన్ను చెప్పుతో కొట్టు వదినా" అన్నాడు.

"కొట్టే పనైతే నన్ను నేనే కొట్టుకోవాలి. నేను మీ అన్ననే అనుమానించాను."

సమితివాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. హుస్సేన్ సాహెబ్ ఈసారి టీ తెప్పించాడు. ఫేస్‌బుక్‌కి మారడానికి సంతోషకుమారే ముందు ఒప్పుకుంది. రక్తం ఇచ్చేవాళ్ళు అక్కడుంటే అక్కడికే పోవాలి, ఆయనున్నా అదే చేసేవాడు అంది. నంబరు సంగతి వచ్చేసరికి హుస్సేన్ సాహెబ్ చెయ్యెత్తి, "జయరావు నంబరే ఉంటుంది. నేను కొట్టు మార్చినప్పుడు బోర్డు మార్చానా?" అని తేల్చేశాడు. వాళ్ళు తలలూపినా ఆమెకు పూర్తిగా నమ్మకం కలగలేదు. కొత్త పేజీ తెరిచేటప్పుడు అయూబ్ పక్కనే నిలబడి, ఒక్కో అంకె పైకి చదివించుకుని వేయించింది.

అప్పుడు అడిగింది. "దీంట్లో కూడా ఎవరొచ్చి చూసిపోయారో తెలుస్తుందా?"

"లేదొదినా. దీంట్లో ఎవరు చూసిపోయినా అవతలివాళ్ళకు తెలీదు. అందుకే జనానికి నచ్చింది."

ఆ శుక్రవారం కూటం అయ్యాక, ఈసారి అందరి ముందే వీధి దాటి, నెట్ సెంటర్‌కి పోయింది. "బుజ్జీ, ఆర్కూట్‌లో నా పేరు మీద ఒకటి తెరువు" అంది.

"ఇప్పుడా? అందరూ అందులోంచి పోతుంటే మీరు వస్తారా ఆంటీ?"

"నువ్వు తెరువు. ఏంజెల్ గీంజెల్ పెట్టొద్దు. ఉన్న పేరు పెట్టు."

"ఫోటో?"

"నా మొహం ఆయనెరగడా? పేరు చాలు."

ఆ అకౌంటులోంచి జయరావు పేజీ తెరిచింది బుజ్జి. కూల్‌డ్రింకు సీసా, నవ్వు, జేబులో టెస్టరు. అన్నీ ఉన్నాయి. కాసేపు చూసి లేచింది. గుమ్మం దాకా పోయాక మళ్ళీ అనుమానం వచ్చింది. నిజంగా పేరు పడిందా? ఈ పిల్ల ఊరికే అందా?

నేరుగా అయూబ్ షాపుకు పోయింది. "మీ అన్నది తెరువు. నేను చూడాలి."

అయూబ్ ఎందుకో తటపటాయించాడు. "రేపు చూద్దాం వదినా, గిరాకీ ఉంది."

షాపులో ఒక్క మనిషి లేడు. "ఇప్పుడే తెరువు" అంది.

తెరిచాడు. వచ్చిపోయినవాళ్ళ పేర్లు పక్కన వరసగా ఉన్నాయి. కూడబలుక్కుంటూ చదివింది. అన్నిటికన్నా పైన ఆమె పేరే ఉంది. సంతోషకుమారి. ఫోటో ఉండాల్సిన చోట ఖాళీ బొమ్మ. ఆ ఖాళీని వేలితో తాకబోయి, అద్దం మీద మరక పడుతుందని ఆగింది. కింద ఏంజెల్ లిడియా. మధ్యలో ఇంకో పేరు ఉంది. ఆ ఫోటోలో మనిషిని ఆమె గుర్తుపట్టింది.

"ఇది నువ్వే కదా?"

అయూబ్ అవునన్నట్టు తలూపాడు.

"గ్రూపు చూసుకోవడానికి ఆయన అకౌంటులోంచి పోతానన్నావు. మరి నీ పేరుతో ఇక్కడికి ఎందుకొచ్చావు?"

"ఊరికే వదినా."

"ఊరికే ఎవరొస్తారు?"

అతను కళ్ళు తిప్పుకుని, రిపేరుకొచ్చిన ఫోను ఒకటి అందుకుని, దానికేమీ కాకపోయినా మూత విప్పడం మొదలుపెట్టాడు. సంతోషకుమారి అతన్ని ఓ క్షణం పరీక్షగా చూసింది. తర్వాత షాపులో ఉన్న ఒక్క కుర్చీనీ స్క్రీను దగ్గరికి లాక్కుని, "ఆ ఫోటో కాస్త పెద్దది చెయ్యి. చేసి నువ్వూ ఇటు రా" అంది.